అంతర్వేదికి పడవ దారి

కోనసీమ స్త్రీకి నీరు కొత్తది కాదు. ఇంటి ముందు పంటకాలువ, పెరటి వెనుక బోదె, ఊరి చివర ఏటిగట్టు. బిందె ముంచుట, చీర లుతుకుట, కార్తీకమున దీపము విడుచుట, పుష్కరములలో మునుగుట, ఇవన్నియు రేవు మెట్లమీద జరుగు పనులే. కాని ఆ కడపటి మెట్టు దిగి, పడవలో కూర్చుండి, తెడ్డు చేత బట్టి, తన యూరి నీరు ఎచ్చటికి పోవుచున్నదో కన్నులార చూచిన స్త్రీలు మనలో ఎందరు? రెండు వైపుల గోదావరి పాయలును, మూడవ వైపున సముద్రమును గల సీమలో పుట్టి పెరిగియు, పడవ యనిన గుండెలు పట్టుకొనువారే మనలో ఎక్కువ. ఈ భయమును గూర్చియు, దీనివలన నదికి కలుగుచున్న నష్టమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయ నెంచితిమి.

ఆడువారు పడవ యెక్కకున్న నదికేమి నష్టమని కొందరు నవ్వవచ్చును. మే మనునది ఇది. తన రేవును మాత్రమే చూచిన యిల్లాలికి, నీటిలో పారవేసినది పోయినదను నమ్మకము కుదురును. కంటికి కనబడకపోవుటయే పోవుట యని ఆమె తలంచును. పోయినదంతయు ఎక్కడనో ఒకచోట చేరుచున్నదని తెలియవలెనన్న ఆ చోటికి పోవలెను. వసిష్ఠ గోదావరికి ఆ చోటు అంతర్వేది.

నాసిక సమీపమున త్ర్యంబకము కడ పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడచి కడలి చేరుచున్నది. ధవళేశ్వరము దిగువ రెండుగా చీలినపుడు పడమటి పాయకు వసిష్ఠ యని పేరు. గన్నవరము కడ దీనినుండి వైనతేయము విడివడి ఓడలరేవు వైపు పోవును. మిగిలిన నీరు దిండి దాటి, ఒక దరిని సఖినేటిపల్లిని, మరియొక దరిని నరసాపురమును ఒరసికొనుచు అంతర్వేది కడ సముద్రమున కలియును. ఆ కలియు తావును అన్నాచెల్లెళ్ల గట్టందురు. యాత్రికులు అచ్చట నమస్కరించి, ఏటి నీటికిని కడలి నీటికిని గల రంగు భేదమును చూచి సంతోషించి మరలుదురు. కొంచెము తల వంచి యిసుకను గూడ చూచినచో బాగుండును. మేము చూచితిమి. తెగిన వలలు, పాలపొట్లములు, మందు సీసాలు, ఒంటి చెప్పులు, పెండ్లి విందులలో వాడిన పూతపూసిన కంచములు. అన్నిటికంటె ఎక్కువగా షాంపూ పొట్లములు. ఇందులో సగము మగవారి వాడుక కాదు, మన వంటయింటిది, మన నీళ్ల గదిది. పై యూళ్లలో ఏ కాలువ గట్టుననో గిరవాటు వేసినవి వరదతో దిగివచ్చి, దేవుని యూరిలో తేలినవి.

పడవపై అంతర్వేదికి పోవుట క్రొత్తగా మేము కల్పించుచున్న వింత కాదు. సప్తసాగర యాత్ర యను మాట మన అమ్మమ్మలు వినియే యుందురు. గౌతమ మహర్షి తెచ్చిన గోదావరిని ఏడుగురు ఋషులు ఏడు పాయలుగా కడలికి కొనిపోయిరని మన నమ్మిక. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వసిష్ఠ, ఇవి ఆ యేడును. (వైనతేయము పెద్ద పాయయైనను ఈ లెక్కలో చేరలేదు.) పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానముతో నారంభించి, ఒక్కొక్క సంగమమున మునుగుచు, మాఘ శుద్ధ ఏకాదశినాటికి అంతర్వేది చేరి యాత్ర ముగింతురు. సంతానము కోరు దంపతులు ఈ యాత్ర ఎక్కువగా చేయుట కలదు. దారిలో పాయలు దాటుటకు పడవలు, రాత్రులు సత్రములు, తోపులు, ఏటిగట్లు. అట్లు పది పదునొకండు దినములు నీటి యొడ్డుననే వండుకొని, నీటి యొడ్డుననే నిద్రించిన గృహిణికి ఏ పాయ నీరు తియ్యనిదో, ఏది ఉప్పనిదో, ఎచ్చట ఒండ్రు పెరుగుచున్నదో, ఎచ్చట గట్టు కోసికొనిపోవుచున్నదో ఒకరు చెప్ప నక్కరలేదు.

ఇందులో మరియొక సొగసు కలదు. అమావాస్యకు సముద్రపు పోటు మిక్కుటము. ఏకాదశి నాటికి తగ్గి యుండును. పోటు పెద్దదైన దినమున యాత్ర ఆరంభమై, నీరు నెమ్మదించిన దినములలో అంతర్వేది మొగ చేరును. పెద్ద లిది యెరిగియే ఏర్పరచిరో, కాకతాళీయమో తేల్చుట మా వలన గాదు గాని, పడవవారికి మాత్రము ఇది మేలే.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామికి నేడున్న ఆలయమును 1823లో కట్టించిన కొపనాతి కృష్ణమ్మగారును నీటిని నమ్ముకొని బ్రదుకు అగ్నికులక్షత్రియ వంశమువారే. (పేరు చూచి స్త్రీ యనుకొనరాదు, ఆయన పురుషుడు.) మాఘమున దశమి రాత్రి కల్యాణమును, భీష్మైకాదశినాడు రథోత్సవమును చూడ లక్షలాది జనులు వచ్చుచున్నారు. అయితే నేడు వచ్చువారిలో చాల మందికి దారి యనిన బస్సు కిటికీయే. సఖినేటిపల్లి రేవున పంటుపై దాటువారు సైతము, బండి దిగకయే యావలి దరి చేరుచున్నారు. స్నానమైన పిదప కట్టు బట్టలను నీటిలోనే విడుచుటయు ఒక పుణ్య మయినది! ఏ శాస్త్రమున నున్నదో మాకు తెలియదు. ఒక్కొక్కరి చీర లెక్కకు రాదు; లక్షల చీరలు పూడిక యగును.

పొరుగు దేశములలో ఇట్టి యాత్రలను నదీరక్షణకై బుద్ధిపూర్వకముగ నడుపుచున్నవారు కలరు. న్యూజిలాండు దేశమున వాంగనూయి యను నది కలదు. పొడవు 290 కిలోమీటర్లు. దాని తీరవాసులైన మావోరీలు 1980 దశాబ్దపు చివరనుండి ఏటేట జనవరిలో, ముసలివారు, పిల్లలు, తల్లులు అందరును కలసి దోనెలలో తెడ్లు వేయుచు నదిపై దిగివచ్చుచున్నారు. రాత్రులు ఒడ్డున తమ కులపెద్దల సభాగృహముల కడ విడియుదురు. ప్రతి మలుపు పేరును, ప్రతి సుడి కథను పెద్దలు పిల్లలకు చెప్పుదురు. పట్టణములకు వలసపోయిన వారి పిల్లలు తమ నదిని తిరిగి గుర్తుపట్టుటకే ఈ ప్రయాణము. ఆ జనులే తరములు పోరాడి, 2017లో ఆ నదికి వ్యక్తికి గల హక్కులన్నియు చట్టము మూలమున సంపాదించిరి. అమెరికాలో హడ్సను నది మురికితో నిండినపుడు, పీట్ సీగరను గాయకుడును, అతని భార్య తోషియు మిత్రులతో కూడి ఒక తెరచాప పడవ కట్టించి 1969లో నీట విడిచిరి. కోపోపన్యాసములకంటె, జనులను పడవ యెక్కించి వారి నదిని వారికే చూపుట మేలని వారి యూహ.

మన దేశమున నీటి దారిని మంచి పనికి వాడుకొన్నవారు లేకపోలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడినుండి కాలువపై పడవలో గ్రంథాలయము నడిపిరి. రేవు రేవున పడవ నిలిచిన, గట్టుమీది పల్లెలవారికి పుస్తకము చేతి కందినది. ఇటీవల 2025 సంక్రాంతికి ఆత్రేయపురము కాలువలో పడవ పందెములు జరిగినవి. అవి కన్నుల పండువే, కాదనము. అయినను పందెమున పడవ వానికి నీరు వేగముగ గడచిపోవలసిన దూరము. గట్టుమీదివారికి అది వినోదము. మేము కోరునది నెమ్మదిగా పోవు ప్రయాణము.

దిండి కడ చించినాడ వంతెన క్రిందనుండి బయలుదేరి, ఒక రాత్రి నడుమ విడిది చేసి, రెండవనాడు అంతర్వేది చేరుట స్త్రీల జట్టుకు తగిన ప్రయాణము. సఖినేటిపల్లి దిగువ పది కిలోమీటర్లకు పైగా నున్న దారియే అన్నిటికంటె చూడదగినది. ఆటు ఆరంభమగు వేళకు రేవు విడిచిన, నీరే పడవను క్రిందికి కొనిపోవును. చేతులకు శ్రమ సగమే. మరలునపుడు పోటుకై వేచి యుండవలెను. గడియారము చూచి కాక నీరు చూచి నడచుట పట్టణపు పిల్లలకు మొదటి పాఠము. రోజున కిరుమారు పోటు వచ్చుననియు, నేటికి రేపటికి సుమారు ముప్పాతిక గంటకు పైగా వెనుకబడుననియు వారు రెండు దినములలో తామే కనిపెట్టుదురు.

క్రిందికి పోవుకొలది కొబ్బరితోటలు పలుచబడి మడచెట్లు కనబడును. బురదలోనుండి సూదులవలె పైకి నిలిచిన వేళ్లు మడచెట్టు ఊపిరి తీసికొను గొట్టములు. రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఆ వేళ్ల నడుమనే పెరుగును. తుపాను కెరటముల విసురును మొదట భరించునదియు ఈ యడవియే. అందు తిల్లచెట్టు పాలు కంట పడరాదు. పిల్లలను ముందే హెచ్చరింపవలెను. ఒడ్డున అక్కడక్కడ రొయ్యల చెరువులు. వాని నీరు ఏ మురుగుకాలువ ద్వారమున ఏటిలో పడుచున్నదో పడవలోనివారికి స్పష్టముగ కనబడును. రోడ్డుమీదివారి కెన్నడును కనబడదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన హేమమాలినిగారును, నాగేశ్వరరావుగారును 2004లో ప్రకటించిన పరిశోధనను ఇచట చెప్పవలెను. 1970–79 నడుమ గోదావరి ఏటేట సుమారు 14.5 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చుచుండగా, 1990–98 నాటికది సుమారు 5.7 కోట్ల టన్నులకు దిగినదట. పైని కట్టిన జలాశయములలో మన్ను నిలిచిపోవుటయే ముఖ్యకారణము. కోనసీమ యనునది నది తెచ్చి పోసిన మన్నే. పోయువారు చేయి ముడిచినచో, సముద్రము తన పని తాను చేయక మానునా? పోటు పెద్దదైన దినములలో అంతర్వేది పల్లిపాలెము ఇండ్లదాక నీరు వచ్చుట పలుమారులు జరిగినది. ఆనకట్టలు మన చేతిలోనివి కావు. ఉన్న మడను వంటచెరకునకు నరుకకుండుట మన చేతిలోనిదే.

పులస మాట చెప్పిన మన పాఠకురాండ్రు త్వరగా గ్రహింతురు. పుస్తెలమ్మియైన పులస తినవలెనని సామెత కట్టిన సీమ యిది. ఆ చేప వరద నీటి కెదురీదుచు ఈ మొగలనుండియే గోదావరి యెక్కవలెను. ప్రవేశద్వారమును మురికి చేసి, చేప రాలేదని వగచుట యేమి న్యాయము? అట్లే జనవరినుండి మార్చి వరకు ఈ తీరపు టిసుకలో సముద్రపు తాబేళ్లు రాత్రివేళ వచ్చి, గుంట త్రవ్వి, ఒక్కొక్కటి నూరు గ్రుడ్ల వరకు పెట్టిపోవును. ఏబది దినములకు పొదిగిన పిల్లలు వెలుతురు ఉన్న దిక్కునకు పరుగెత్తును. వాని లెక్కలో వెలుగన్న కడలియే. కావున ఆ మాసములలో కడలి యొడ్డున నెగడు వేయుటయు, పెద్ద దీపములు పెట్టుటయు కూడదు. విడిది ఊరి సత్రమునందో, లోపలి తోటలందో ఉండవలెను. మడయడవిలో విడియుటకు అటవీశాఖ అనుమతి లేక పోనేరాదు.

భయము మాటకు వత్తము. 2018 జూలైలో పశువుల్లంక కడ పడవ మునిగి బడిపిల్లలు పోయిరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ విహారపు పడవ మునిగి పదుల కొలది ప్రాణములు పోయినవి. ఇట్టివి వినిన తల్లి, పడవ వద్దనుట సహజమే. కాని నీటి నడుమ బ్రదుకువారికి నీటిని మానుట సాధ్యమా? ఈత నేర్వని పిల్లకు పెరటి కాలువయు గండమే. ఆడపిల్లకు ఈత యెందుకని అడుగువారి యింట మేము ముందుగా వాదింపగోరుదుము. వరద మాసములలో, తుపాను హెచ్చరిక యున్నపుడు పడవ యెక్కరాదు. ఈ దారికి పుష్య మాఘములే తగిన కాలము. ప్రతివారును లైఫ్ జాకెట్టు తొడిగి, ముడి బిగించి కూర్చుండవలెను. చీరపై బాగుండదని ఒడిలో పెట్టుకొనువారిని దింపివేయుట మేలు. పడవవాడు ఇంతమంది చాలునన్నచో అంతమందియే. మొగలో పడవ నడుప నెంచరాదు; సుడులు, ఇసుకమేటలు దినమున కొక తీరున మారును. అచ్చట నడచియే చూడవలెను.

వనభోజనములు చేయుటలో మనకు నేర్ప నెవ్వరును అక్కరలేదు. పులిహోర, దద్ధ్యోదనము, ఆవకాయ జాడీ, అరటియాకులు ఇంటినుండియే కట్టుకొనవలెను. త్రాగునీరు సత్తుబిందెలలో తీసికొనిపోవలెను. దిగువ వేసవి చొచ్చుకొలది ఏరు ఉప్పనగును. మన చెత్త మనమే సంచిలో తిరిగి తెచ్చుకొనుటకు తోడు, ఒడ్డున దొరికినది ఒక్కొక్కరు ఒక సంచి నింపవలెను. మేము పోయినపుడు మధ్యాహ్నమునకే సంచులు చాలలేదు. ఒక యువతి తన సంచిని క్రుమ్మరించి, ఏ సరకు పొట్లము లెన్ని యున్నవో యిసుకమీద వరుస పెట్టినది. మాలో నలుగురు తమ యింట వాడు సబ్బుపొడి పేరును అందు గుర్తించి మాటాడక యుండిరి.

దీపముల సంగతి యొకటి. పోలి స్వర్గమునాడు అరటిదొప్పలో విడుచు దీపము నీటి కే కీడును చేయదు. కొన్నాళ్లకు చీకి చేపల పాలగును. ఇప్పుడు అంగళ్లలో థర్మోకోలు దొప్పలు అమ్ముచున్నారు. కథలోని పోలి, కవ్వమున కంటిన వెన్నతోను, పెరటి ప్రత్తితోను దీపము పెట్టినదే గాని, ఏమియు కొన్నది కాదు.

గోదావరి పుష్కరములు 2027లో రానున్నవి. ఆ జనసమ్మర్దమునకు ముందే, వచ్చు పుష్య మాఘములలో, మహిళాసమాజములవారు పది పండ్రెండుగురు చొప్పున జట్లు కట్టి ఒకమారు ఈ దారిని చూచి రావలెనని మా కోరిక. తోడుగా పల్లిపాలెపు మత్స్యకార స్త్రీల నొకరిద్దరిని, తగిన కూలి యిచ్చి, తప్పక పిలుచుకొనవలెను. గాలి మారుటయు, పోటు తిరుగుటయు వారు మనకంటె ముందు కనిపెట్టగలరు. మేమడుగగా వారిలో ఒకామె, పడవలో మొదట ఎడమ చేతివైపు కూర్చుండుడు, ఎండ వీపున పడునని చెప్పినది.