గోడ కడిగితే మరకలెందుకు తేలుతాయి?

పండుగకో, పెండ్లికో ఇల్లు కడిగి శుభ్రపరచుకోవడం మనకు తరతరాల అలవాటు. పూర్వము చీపురు, కొబ్బరిపీచు, బావినీళ్లు ఉంటే చాలేవి. ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాలలో ఆ పనిని మనుషులను కుదుర్చుకొని చేయిస్తున్నారు. వారు ఒత్తిడితో నీళ్లు చిమ్మే పంపు తెచ్చి గోడలు కడుగుతారు. కడిగిననాడు గోడ కడిగిన ముత్యంలాగే ఉంటుంది. నాలుగు రోజులు గడిచేసరికి తెల్లని పొడియో, గోధుమరంగు చారలో తేలుతాయి. ఇంటివారు కడిగినవానిని తప్పుపడతారు. కూలి డబ్బు దగ్గర తగవు వస్తుంది. ఈ తగవు తీర్చగలది రసాయనశాస్త్రము.

నీరు మంచి ద్రావణి. గోడలోపల, గోడపైన అదివరకే ఉన్న పదార్థాలను అది కరిగిస్తుంది, కదిలిస్తుంది, ఒకదానితో ఒకటి కలుపుతుంది. తనలో కరిగి ఉన్నవాటిని గోడకు అప్పగిస్తుంది. కడిగిన తరువాత కనిపించే మరకలలో చాలా భాగం ఈ విధంగా వచ్చినవే.

పసుపు ఎరుపెక్కడం

మొదట అందరూ ఎరిగిన మరకను చూద్దాము. గడపకు, ద్వారబంధానికి పసుపు రాసిన చోట చాకలిసోడా నీళ్లు పోస్తే పసుపు ఎర్రబారి గోడవెంట చారలు కడుతుంది. దిష్టి తీయడానికి పసుపునీళ్లలో సున్నము కలిపినప్పుడు జరిగేదీ ఇదే. పసుపుకు రంగునిచ్చే పదార్థము కుర్కుమిన్. ఆమ్లంలోను, మంచినీటిలోను అది పసుపుపచ్చగా ఉంటుంది. క్షారము తగిలితే ఎరుపెక్కుతుంది. కొత్త సున్నపు గోడ, కొత్త సిమెంటు గోడ క్షారగుణము కలవి కనుక సోడా లేకున్నా అక్కడ ఈ మార్పు రావచ్చును. ఎర్రని మచ్చపై నిమ్మరసము చుక్క వేస్తే తిరిగి పసుపురంగు వస్తుంది. అయితే పులుపు సున్నాన్ని తినివేస్తుంది. కాబట్టి సున్నపు గోడను మంచినీటితో కడిగి ఎండకు వదలడమే మేలు. కుర్కుమిన్ ఎండకు వెలిసిపోతుంది.

తెల్లని పొడి

ఇటుకలోను, సిమెంటులోను వెంట్రుకకన్న సన్నని రంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు గోడ వీటి ద్వారా నీటిని పీల్చుకుంటుంది. ఇటుకమట్టిలో, ఇసుకలో ఉన్న లవణాలు ఆ నీటిలో కరుగుతాయి. ఎండ కాయగానే నీరు గోడ ముఖము నుండి ఆవిరైపోతుంది. లవణము మాత్రము అక్కడే స్ఫటికాలుగా మిగులుతుంది. చినగంజాం ఉప్పుమళ్లలో పెద్ద ఎత్తున జరిగే పనే గోడపై చిన్న ఎత్తున జరుగుతున్నదన్నమాట. దీనినే గోడకు చవుడు పట్టిందంటాము.

కడిగే నీరు కూడ ఉప్పును తేవచ్చును. లీటరుకు 2 గ్రాముల లవణాలున్న బోరునీటిని గోడ 50 లీటర్లు పీల్చుకున్నదనుకొనండి. ఆరిన తరువాత గోడలో 100 గ్రాముల ఉప్పు నిలుస్తుంది. ఇది మన ప్రాంతానికి ముఖ్యమైన విషయము. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరాన సూర్యలంక వద్ద సముద్రమున్నది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. గాలి ఆ తుంపరలను లోనికి మోసుకొస్తుంది. ఆ తీరపు ఇసుకనేలలలో ఉప్పునీటిపైన మంచినీరు పలుచని పొరగా తేలి ఉంటుంది. లోతులేని దొరువులు త్రవ్వి రైతులు ఆ పైనీటినే తోడుకుంటారు. లోతు బోరు వేసి ఎక్కువగా తోడితే క్రింది ఉప్పునీరు పైకి వస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా ఉన్న రేపల్లె ప్రాంతంలోను భూగర్భజలానికి ఈ బెడద ఉన్నది. తెనాలికి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి నుండి కాలువల ద్వారా తియ్యని నీరు వస్తుంది. కాలువలు కట్టివేసిన రోజులలో అక్కడా బోరే ఆధారము.

ఈ పొడి చూడటానికే కాక గోడ బలానికి కూడ చేటు. లవణాలలో సోడియం సల్ఫేటు మరీ గడుసుది. సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు లోపున తేమ దొరికితే దాని ఒక్కొక్క అణువు పది నీటి అణువులను చేర్చుకొని, స్ఫటికము దాదాపు నాలుగు రెట్ల పరిమాణానికి పెరుగుతుంది. ఎండకు ఆరి, రాత్రి చల్లబడి చెమ్మగిల్లే మన గోడలలో ఈ పెరుగుదల మళ్లీ మళ్లీ జరిగి పూతను పెళ్లలుగా ఊడగొడుతుంది. అందుచేత పొడిని మొదట పొడి కుంచెతో దులిపి ఎత్తివేయాలి. తేమ ఎక్కడనుండి వస్తున్నదో వెతకాలి. దానిపైననే రంగు వేస్తే రంగు కూడ ఊడివస్తుంది.

గోధుమరంగు, నలుపు

కొన్ని బోర్ల నీరు తోడినప్పుడు స్వచ్ఛంగానే ఉంటుంది. గాలి తగిలిన కొంతసేపటికి ఎర్రబారుతుంది. అందులో కరిగి ఉన్న ఇనుము ప్రాణవాయువుతో కలిసి కరగని గోధుమరంగు పదార్థంగా మారడమే దీనికి కారణము. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఇనుము బట్టలపై మరకలు వేస్తుంది. బ్లీచింగు పౌడరు ఈ మార్పును త్వరపెడుతుంది కనుక తుప్పు మరకపై దానిని చల్లితే మరక ముదురుతుంది. ఆక్జాలికామ్లము, నిమ్మ ఉప్పు ఇనుమును తమతో చేర్చుకొని కరిగిస్తాయి. అయితే ఆక్జాలికామ్లము విషము.

బాదం చెట్టు క్రింద, ఇనుప కిటికీ దగ్గర నీలినలుపు చారలు కనిపిస్తే అది సిరాయే అనుకోవచ్చును. పూర్వము కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవారు. కరక్కాయలోని టానిన్, అన్నభేదిలోని ఇనుము కలిసి నలుపవుతాయి. మన వీధి బాదము, కరక్కాయ రెండూ టెర్మినేలియా అనే ఒకే ప్రజాతికి చెందినవి. రాలిన ఆకుల రసము, కిటికీ తుప్పు గోడపై కలిసినప్పుడు జరిగేది ఆ పాత సిరా తయారీయే.

వానకారు గోడల నలుపు వేరు. అది ఎక్కువగా సూక్ష్మమైన నాచు. ఎండినప్పుడు నల్లగా ఉన్నది, నీళ్లు చల్లగా పచ్చబారితే నాచేనని గ్రహించవచ్చును.

తరగతిలో చేయదగిన పరీక్ష

గోడపై పొడిని కొంచెము గీకి, స్వేదనజలము గల పరీక్షనాళికలో వేయండి. అది కరగక, సజల హైడ్రోక్లోరికామ్లంలో బుసబుస పొంగితే కాల్షియం కార్బొనేటు. అంటే సిమెంటులోని సున్నము బయటకు వచ్చి బొగ్గుపులుసు వాయువుతో కలిసిందన్నమాట. నీటిలో కరిగితే ద్రావణాన్ని రెండు భాగాలు చేయండి. ఒకదానికి సజల నత్రికామ్లము, సిల్వరు నైట్రేటు కలిపినప్పుడు తెల్లని అవక్షేపము వస్తే అందులో క్లోరైడు ఉన్నది. రెండవదానికి సజల హైడ్రోక్లోరికామ్లము, బేరియం క్లోరైడు కలిపినప్పుడు తెల్లని అవక్షేపము వస్తే సల్ఫేటు ఉన్నది. బేరియం క్లోరైడు విషము. ఉపాధ్యాయుడే దానిని వాడాలి.

ముఖ్యమైన హెచ్చరిక

మరక పోలేదన్న తొందరలో కొందరు బ్లీచింగు పౌడరు, యాసిడు ఒకే బకెట్టులో కలుపుతారు. ఇది ప్రాణాపాయము. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దహిస్తుంది. 1915 ఏప్రిల్ 22న యుద్ధభూమిలో, ఈప్ర వద్ద, సైనికులపై విడిచినది ఈ వాయువే. ఒక దాని తరువాత ఒకటి గోడపై పోసినా ప్రమాదమే. బావురుమన్న గోడకు మళ్లీ రంగు వేయించుకోవచ్చును. కడిగేవాని ఊపిరికి బదులు లేదు.

కనుక గోడంతా కడగకముందు మూలగా జానెడు మేర కడిగి నాలుగు రోజులు చూడాలి. తెల్లని పళ్లెంలో కడిగే నీటిని పోసి ఆరనిచ్చి మిగిలినదేమిటో గమనించాలి. ఉప్పు తేలితే నీరు మార్చాలి. ఇంటివారు, పనివారు కలిసి ఈ చిన్న పరీక్ష చేసుకుంటే గోడ నిలుస్తుంది, తగవూ తప్పుతుంది.