ఎన్ని పేజీలు జిరాక్స్ తీయొచ్చు?

యూనివర్సిటీ అధ్యాపకులు కాపీరైట్ గురించి లైబ్రేరియన్‌ను అడిగే ప్రశ్నల్లో ఇది ముందుంటుంది: పుస్తకంలో ఎంత శాతం వరకు జిరాక్స్ తీసి విద్యార్థులకు ఇవ్వొచ్చు? పది శాతమని ఒకరంటారు, ఒక్క అధ్యాయమేనని ఇంకొకరంటారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో క్లాసు పాఠానికి ఈ రెండు లెక్కలూ లేవు. బోధనలో భాగంగా అధ్యాపకుడో విద్యార్థో నకలు తీసుకుంటే అది ఉల్లంఘన కాదని సెక్షన్ 52(1)(ఐ) చెబుతుంది. ప్రశ్నపత్రాలకూ జవాబులకూ అదే మినహాయింపు.

ఈ సెక్షన్ ఎంతదూరం వర్తిస్తుందో తేల్చమని కోర్టుకెక్కించింది 40 పైసల జిరాక్స్. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రాంగణంలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న దుకాణం ఉండేది. సిలబస్‌లోని వ్యాసాలనూ అధ్యాయాలనూ కలిపి కోర్సు ప్యాకులుగా బైండు చేసి, పేజీకి 40 పైసల చొప్పున అమ్మేది. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఆ దుకాణం మీదా, యూనివర్సిటీ మీదా దావా వేశాయి. అడిగిన పరిహారం 60 లక్షల రూపాయలు. అంటే ఆ దుకాణం రేటు ప్రకారం కోటిన్నర పేజీలు!

2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి దావా కొట్టేశారు. ప్రచురణకర్తల అప్పీలు మీద డిసెంబరు 9న డివిజన్ బెంచ్ కూడా పేజీల లెక్క ఏదీ పెట్టలేదు. బోధనకు ఎంత అవసరమో అంతే కొలత అంది. అయితే ఆ ప్యాకుల్లోని పేజీలన్నీ నిజంగా పాఠానికి అవసరమా అన్నది విచారణలో తేలాలంది. ఆ విచారణ జరగనే లేదు. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. నకళ్లకు లైసెన్సులిచ్చే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్తే, మే నెలలో అక్కడా చుక్కెదురైంది.

కాబట్టి అధ్యాపకుడు పేజీలు లెక్కపెట్టుకోవడం కంటే, ఏ యూనిట్‌కు ఏ అధ్యాయం ఎందుకు ఇచ్చారో కోర్సు ఫైల్లో రాసిపెట్టుకోవడం మేలు. పైగా ఇది ఢిల్లీ హైకోర్టు తీర్పు. అమరావతి, హైదరాబాద్ హైకోర్టులు దీన్ని పరిగణనలోకి తీసుకోవచ్చు గానీ కట్టుబడి తీరాలని లేదు. క్లాసుకిచ్చిన అధ్యాయాన్నే స్కాన్ చేసి అందరికీ కనిపించే వెబ్‌సైట్లో పెడితే, అది బోధనలో భాగమేనని వాదించడం కష్టం.

అంకెలు కచ్చితంగా ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. విద్యాసంస్థల కోసం సంకలనం అచ్చువేస్తే, దాన్ని వేసే ప్రచురణకర్త ఒకే రచయిత రచనల నుంచి 5 ఏళ్లలో రెండు చిన్న భాగాలకు మించి తీసుకోకూడదు. మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లైబ్రరీ తన వాడకానికి 3 ప్రతుల వరకు తీసుకోవచ్చు.

తెలుగు శాఖలవారికి 60 ఏళ్ల లెక్క ముఖ్యం. రచయిత బతికుండగా వెలువడిన రచనలకు, మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డివి 2014 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. జాషువా (1971) రచనలకు 2031 చివరిదాకా, శ్రీశ్రీ (1983) రచనలకు 2043 చివరిదాకా ఆగాలి. గురజాడ పుస్తకమైనా నిన్నమొన్నటి సంపాదకుడు రాసిన ముందుమాట హక్కు ఆయనదే.

జర్నల్ వ్యాసాలకు చాలాచోట్ల జిరాక్సే అక్కర్లేదు. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుతున్నాయి. పీడీఎఫ్ బదులు లింకు పంపితే సరిపోతుంది.

ఇతరుల పుస్తకాల గురించి ఇంతగా భయపడే అధ్యాపకులు, తమ పుస్తకం ఒప్పందాన్ని చదవకుండానే సంతకం పెట్టేస్తుంటారు. అందులో హక్కుల బదిలీ ఎంతకాలమో రాయకపోతే చట్టం 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. పత్రంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసి ఉంటే మాత్రం ఈ రెండు రక్షణలూ వర్తించవు.