పచ్చి చేపకు కాపలా ఎవరు?

ఎండాకాలంలో మధ్యాహ్నం మిగిలిన అన్నం రాత్రికే పాచిపోతుంది. బజారు నుంచి తెచ్చిన చేపను కొద్ది గంటలు బయట ఉంచితే చాలు, వాసన మారిపోతుంది. ఇంత త్వరగా పాడయ్యే రెండు పదార్థాలను కలిపి, అందులోనూ చేపను పొయ్యి ఎక్కించకుండా పచ్చిగానే వడ్డించే హోటళ్ళు ఉన్నాయంటే మీరు ఆశ్చర్యపోతారు. జపానులో ఇవి సామాన్యం. అక్కడ వడ్డించే పదార్థం పేరు ‘సుషి’. మరి తిన్నవారికి జబ్బు చేయదా? చేయకుండా కాపాడుతున్నదేమిటి? రండి, ఒక చిన్న సుషి హోటలులోకి తొంగిచూసి తెలుసుకుందాం.

పెద్ద హంగులేమీ ఉండవు. పొడుగాటి చెక్క బల్ల, దాని ముందు ఎనిమిదిమందో పదిమందో కూర్చునే చోటు. చాలామంది ఆ పేటవారే. బల్లకు అవతల వంటవాడు నిలబడి ఉంటాడు. ఆయనను ‘ఇతమాయె’ అంటారు. ‘పలక ముందు ఉండేవాడు’ అని ఆ మాటకు అర్థం. ఆయన ఒక పక్కన మూతపెట్టిన చెక్క తొట్టిలో అన్నం. ఎదురుగా చల్లని గాజు పెట్టెలో చేప ముక్కలు. వెనిగరు కలిపిన నీటితో చెయ్యి తడుపుకుని, గుప్పెడుకంటె తక్కువ అన్నం తీసుకుని, దాని మీద పచ్చని ముద్ద రవంత రాసిన చేప ముక్కను ఆనించి, రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి మీ ముందు పెడతాడు. మనలాగే చేత్తో తిన్నా అక్కడ తప్పు లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అన్నం గోరువెచ్చగా ఉంది. చేప చల్లగా ఉంది. అసలు రహస్యమంతా ఇందులోనే ఉన్నది.

అన్నానికి కాపలా పులుపు

సుషి అంటే పచ్చి చేప అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ‘పుల్లనిది’ అనే అర్థం గల మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఉడికించిన రొయ్యతో, గుడ్డు అట్టుతో, దోసకాయ ముక్కతో చేసినా అది సుషియే. పుల్లని అన్నం మాత్రం ఉండి తీరాలి.

ఈ పులుపు వెనుక పాత కథ ఒకటి ఉన్నది. పూర్వం చేపను నిలవ ఉంచడానికి దానికి ఉప్పు పట్టించి, ఉడికిన అన్నంలో పెట్టి, పైన బరువు ఉంచి నెలల తరబడి వదిలేసేవారు. అన్నంలోని పిండి పదార్థం మీద బ్రతికే బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పాలు పెరుగుగా మారేటప్పుడు తయారయ్యేదీ ఇదే ఆమ్లం. ఆ పులుపులో చేపను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. తినేటప్పుడు అన్నాన్ని పారవేసి, చేపను మాత్రమే తినేవారు! జపానులోని బివా సరస్సు ప్రాంతంలో నేటికీ ఈ పద్ధతిలో ‘ఫునాజుషి’ని తయారుచేస్తున్నారు.

తరువాతి కాలంలో నెలల తరబడి ఆగే ఓపిక లేక, అన్నంలో నేరుగా వెనిగరు కలపడం నేర్చారు. వెనిగరులో ఉండేది ఎసిటిక్ ఆమ్లం. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఎదో నగరంలో చేత్తో నొక్కి అప్పటికప్పుడు ఇచ్చే సుషి వాడుకలోకి వచ్చింది. హనయ యొహెయి అనే ఆయన దీనికి పేరుపడ్డాడు. 1868లో టోక్యోగా పేరు మారిన నగరమే ఈ ఎదో.

సరే, అన్నాన్ని ఫ్రిజ్‌లో పెడితే పోదా, పులుపెందుకు? ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడటం మీరు చూసే ఉంటారు. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండి పదార్థపు అణువులు చల్లదనంలో మళ్ళీ దగ్గరగా చేరతాయి. అందుకే సుషి అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగానే ఉంచాలి. కాని ఆ వేడి సూక్ష్మజీవులకు పండుగ వంటిది. ‘బాసిల్లస్ సీరియస్’ అనే బాక్టీరియా సిద్ధబీజాలు అన్నం ఉడికినా చావవు. వెచ్చని అన్నంలో అవి మొలకెత్తి వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. పుల్లదనం వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది. ఆమ్లత్వాన్ని తెలిపే పి.హెచ్. విలువ 4.6 కంటె తగ్గితే, ప్రాణాంతకమైన బొట్యులిజం వ్యాధిని కలిగించే బాక్టీరియా కూడా పెరగలేదు. సుషి అన్నపు పి.హెచ్. ఈ హద్దు దాటకుండా చూసుకుంటారు.

చేపకు కాపలా చలి

చేపను పచ్చిగా ఉంచాలి కనుక దానికి వేడి పనికిరాదు. ఐసు దొరకని ఎదో రోజుల్లో చాలా చేపలను ఉప్పులో, వెనిగరులో, సోయా రసంలో నానబెట్టిగాని, ఉడికించిగాని వాడేవారు. ఇప్పుడు ఆ బాధ్యతను చలి తీసుకున్నది.

ట్యూనా వంటి చేపలు పట్టిన వెంటనే చల్లబడకపోతే, బాక్టీరియా వాటి మాంసంలో ‘హిస్టమిన్’ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. తిన్నవారికి ముఖం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దురులు వస్తాయి. ఒకసారి తయారైన హిస్టమిన్ వండినా పోదు! అందుకే చలి వంటగదిలో కాదు, పడవ మీదనే మొదలుకావాలి. దూరసముద్రాలలో పట్టిన ట్యూనాను సున్నాకు దిగువ 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గడ్డకట్టిస్తారు.

రెండో శత్రువు ‘అనిసాకిస్’. ఇది సముద్రపు చేపలలో ఉండే సన్నని తెల్లని పురుగు. పొడవు 2, 3 సెంటీమీటర్లు. ప్రాణంతో కడుపులోకి వెళ్తే జీర్ణాశయపు గోడను తొలిచి భరించలేని నొప్పి కలిగిస్తుంది. డాక్టర్లు నోటి గుండా గొట్టం దింపి, దాన్ని పట్టి బయటికి తీయవలసి వస్తుంది. వెనిగరుకు ఇది చావదు, ఉప్పుకూ చావదు. సున్నాకు దిగువ 20 డిగ్రీల వద్ద చేప లోపలి భాగంతో సహా 24 గంటలు గడ్డకట్టి ఉంటే చస్తుంది. వండితే సరేసరి.

మరి ఆ పచ్చని ముద్ద?

దాని పేరు ‘వసాబి’. మన ఆవాల కుటుంబానికి చెందిన మొక్క కాండాన్ని తురిమిన ముద్ద. తురమగానే కణాలు చితికి, అందులోని ఒక ఎంజైము మరొక పదార్థంతో కలిసి ఘాటైన వాయువును పుట్టిస్తుంది. నాలుక కంటె ముక్కునే ఎక్కువ బాధించేది అదే. ఆవపిండిలో పుట్టే ఘాటూ ఇదే రసాయనం! పరిశోధనశాలలో ఇది కొన్ని బాక్టీరియాలను అణచివేస్తుంది. కాని రవంత వసాబి చేప ముక్కను శుద్ధిచేస్తుందని నమ్మడం ప్రమాదం. అనిసాకిస్‌ను అది చంపలేదు. వసాబిది ముఖ్యంగా రుచి చూపే పని. కాపలా పని కాదు.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. అన్నం వెచ్చగా ఉండాలి, కనుక దానికి పులుపు కాపలా. చేప పచ్చిగా ఉండాలి, కనుక దానికి చలి కాపలా. ఈ రెండూ వంటవాడి చేతిలో కలిసిన క్షణం నుంచి చేప వేడెక్కడం మొదలవుతుంది, చలి కాపలా వీడిపోతుంది. అందుకే ఆయన ముందుగా చేసి దొంతర పెట్టడు. మీరు కూడా కబుర్లు చెబుతూ పళ్ళెంలో ఉంచకూడదు. వడ్డించిన వెంటనే తినాలి. మర్యాద, విజ్ఞానం ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి.

ఒక హెచ్చరిక. ఇది చదివి చెరువు చేపనో, బజారు చేపనో పచ్చిగా తిని చూడకండి. మంచినీటి చేపలలో వేరే పరాన్నజీవులు ఉంటాయి. ఇంటి ఫ్రిజ్‌లోని మంచు అర ఎప్పుడూ కావలసినంత చల్లగా ఉంటుందన్న హామీ లేదు. మనకు పొయ్యే మంచి కాపలా.

దానికి బదులు ఈ ప్రయోగం చేయండి. రెండు గిన్నెలలో చెంచాడు చొప్పున అప్పుడే దంచిన ఆవపిండి వేయండి. ఒకదానిలో చన్నీళ్ళు, రెండోదానిలో పెద్దల సాయంతో మరిగే నీళ్ళు పోసి కలపండి. పది నిమిషాలాగి, కొంచెం దూరం నుంచే వాసన చూడండి. చన్నీళ్ళ గిన్నెలో ఘాటు ముక్కుకెక్కుతుంది. మరిగే నీళ్ళ గిన్నెలో అది చాలా తక్కువ. వేడికి ఎంజైము పాడైపోయింది మరి! ఆవకాయలో ఉన్న ఘాటు, పోపులో చిటపటలాడిన ఆవాలలో ఎందుకు ఉండదో ఇప్పుడు మీరే చెప్పగలరు.