గొంతులో తెల్లమచ్చలు

గొంతులో తెల్లమచ్చలు అనేవి ఒక ప్రత్యేక వ్యాధి కాదు. అనేక వ్యాధులలో కనిపించే ఒక లక్షణం. టాన్సిల్స్ మీద, గొంతు వెనుక గోడ మీద, అంగిలి మీద లేదా నాలుక మొదలులో ఇవి చుక్కలుగా, చారలుగా లేదా పొరలుగా ఏర్పడతాయి. రంగు స్వచ్ఛమైన తెలుపు కావచ్చు, పసుపు లేదా బూడిద రంగు కలిసిన తెలుపు కావచ్చు. వీటిలో అధికభాగం కొద్ది రోజులలో తగ్గిపోయే సాధారణ వ్యాధుల వలన కలుగుతాయి. అయితే ప్రాణాపాయం కలిగించే కంఠసర్పి (డిఫ్తీరియా), తరువాతి కాలంలో గుండెను దెబ్బతీయగల స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి, క్యాన్సరుగా మారే అవకాశం గల ల్యూకోప్లేకియా కూడా తెల్లమచ్చలతోనే బయటపడతాయి. అందువలన మచ్చతో పాటు జ్వరం, దగ్గు, మెడలో బిళ్ళలు, రోగి వయస్సు, అలవాట్లు, వేయించుకున్న టీకాలు కూడా గమనించి కారణాన్ని నిర్ణయించాలి.

మచ్చలు ఏర్పడే విధానం

నోరు బాగా తెరచినప్పుడు కొండనాలుకకు రెండు ప్రక్కల కనిపించే గుండ్రని కండలే టాన్సిల్స్. నోటి ద్వారా, ముక్కు ద్వారా ప్రవేశించే సూక్ష్మజీవులను గుర్తించి ఎదుర్కొనడంలో ఇవి పాలుపంచుకుంటాయి. వీటి ఉపరితలం నున్నగా ఉండదు. లోపలికి చొచ్చుకొని పోయిన అనేక సన్నని గుంటలు ఉంటాయి. గొంతులో కనిపించే తెలుపు అన్ని సందర్భాలలో ఒకే పదార్థం కాదు. దీనిని స్థూలంగా ఐదు విధాలుగా చెప్పవచ్చు.

1. చీము: చనిపోయిన తెల్ల రక్తకణాలు, సూక్ష్మజీవులు, రాలిన కణాలు కలిసి టాన్సిల్ గుంటలలో చేరి చుక్కలుగా కనిపిస్తాయి.
2. పొర: సూక్ష్మజీవి విషం వలన చనిపోయిన కణజాలం, ఫైబ్రిన్ కలిసి గట్టిగా అతుక్కున్న పొరగా మారుతుంది. కంఠసర్పిలో ఏర్పడేది ఇదే.
3. శిలీంధ్రం: కాండిడా అనే శిలీంధ్రం పెరిగి పెరుగు తరకల వంటి మచ్చలను ఏర్పరుస్తుంది.
4. దళసరి చర్మం: పొగాకు వంటి వాటి రాపిడికి నోటి లోపలి పొర మందమై తెల్లబారుతుంది.
5. రాళ్ళు: ఆహారపు తునకలు, మృతకణాలు టాన్సిల్ గుంటలలో గట్టిపడి గింజలవలె కనిపిస్తాయి.

కారణాలు

వైరస్ వ్యాధులు

గొంతునొప్పికి అన్ని వయస్సులలోను అతి సాధారణ కారణం వైరస్‌లే. అడినోవైరస్ వంటివి టాన్సిల్స్ మీద తెల్లని చుక్కలను కలిగించగలవు. రొంప, దగ్గు, గొంతు బొంగురుపోవడం, కళ్ళు ఎర్రబడడం తోడుగా ఉంటే వైరస్ కారణమని భావించవచ్చు. తెల్లమచ్చ కనిపించినంత మాత్రాన అది బాక్టీరియా వ్యాధి అనడం సరికాదు.

స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి

స్ట్రెప్టోకాకస్ పయోజీన్స్ అనే బాక్టీరియా దీనికి కారణం. 5 నుండి 15 సంవత్సరాల పిల్లలలో ఎక్కువ. వ్యాధి సోకిన 2 నుండి 5 రోజులలో అకస్మాత్తుగా జ్వరం, మింగలేనంత గొంతునొప్పి, తలనొప్పి మొదలవుతాయి. చిన్నపిల్లలలో కడుపునొప్పి, వాంతులు కూడా ఉండవచ్చు. టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటిపై చీముచుక్కలు ఏర్పడతాయి. దవడ క్రింద బిళ్ళలు కట్టి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. సాధారణంగా దగ్గు, రొంప ఉండవు.

ఈ వ్యాధి దానంతట అదే వారం రోజులలో తగ్గినట్లు కనిపించడమే దీనిలోని ప్రమాదం. చికిత్స జరగని కొందరు పిల్లలలో 2 లేదా 3 వారాల తరువాత రుమాటిక్ జ్వరం వస్తుంది. బాక్టీరియాపై పోరాడడానికి శరీరం తయారు చేసుకున్న రక్షణ వ్యవస్థ పొరపాటున తన కీళ్ళను, గుండెను దెబ్బతీయడమే రుమాటిక్ జ్వరం. కీళ్ళ వాపు పూర్తిగా తగ్గిపోతుంది గాని, గుండె కవాటాలకు కలిగిన నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. ఈ గుండెజబ్బు భారతదేశంలో నేటికీ కనిపిస్తూనే ఉంది. కొందరిలో మూత్రపిండాల వాపు, టాన్సిల్ ప్రక్కన చీముగడ్డ కూడా కలుగుతాయి.

అంటు మోనోన్యూక్లియోసిస్

ఎప్‌స్టీన్-బార్ వైరస్ వలన కలిగే ఈ వ్యాధి లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. ఈ వైరస్‌ను 1964లో కనుగొన్నారు. కౌమార దశలోని వారిలో, యువకులలో జ్వరం, తీవ్రమైన నీరసం, మెడ వెనుక భాగంలో కూడా బిళ్ళలు కట్టడం, టాన్సిల్స్‌ను కప్పివేసే తెల్లని పూత దీని లక్షణాలు. ప్లీహం పెరగవచ్చు. దీనిని స్ట్రెప్టోకాకస్ వ్యాధిగా పొరబడి అమాక్సిసిలిన్ లేదా ఆంపిసిలిన్ ఇస్తే చాలామందిలో ఒళ్ళంతా ఎర్రని దద్దురు వస్తుంది.

కంఠసర్పి

కోరినీబాక్టీరియం డిఫ్తీరియే అనే బాక్టీరియా వలన కంఠసర్పి వస్తుంది. దీనిని 1883లో క్లెబ్స్ గుర్తించగా, 1884లో లోఫ్లర్ ప్రయోగశాలలో పెంచగలిగాడు. గొంతులో చుక్కలుగా కాక, బూడిద రంగు కలిసిన తెల్లని పొర టాన్సిల్‌ను దాటి కొండనాలుక, అంగిలి మీదికి ప్రాకుతుంది. పొరను లాగితే రక్తం కారుతుంది. జ్వరం తక్కువగానే ఉన్నా రోగి చాలా నీరసంగా కనిపిస్తాడు. తీవ్రమైన వ్యాధిలో మెడ అంతా వాచి "ఎద్దుమెడ" వలె అవుతుంది.

ఈ వ్యాధిలో మరణం రెండు విధాలుగా సంభవిస్తుంది. పొర శ్వాసమార్గంలోనికి ప్రాకి ఊపిరి ఆడకుండా చేయడం మొదటిది. బాక్టీరియా విషం రక్తంలో కలిసి గుండె కండరాన్ని దెబ్బతీయడం రెండవది. ఇదే విషం నరాలను కూడా దెబ్బతీస్తుంది. అంగిలి చచ్చుబడడం వలన త్రాగిన నీరు ముక్కు గుండా బయటకు రావడం దీనికి గుర్తు. చికిత్స జరిగినా నూటికి 5 నుండి 10 మంది మరణిస్తారు.

టీకాల వలన కంఠసర్పి అరుదైనప్పటికీ అంతరించలేదు. 1990ల దశకంలో పూర్వపు సోవియట్ యూనియన్ దేశాలలో టీకాలు సన్నగిల్లడంతో లక్షన్నరకు పైగా కేసులు నమోదయ్యాయి. భారతదేశంలో టీకాలు సక్రమంగా అందని పిల్లలలో, బూస్టరు మోతాదులు వేయించుకోని పెద్ద పిల్లలలో ఇది నేటికీ కనిపిస్తున్నది.

కాండిడా పూత

పాలు త్రాగే పసిపిల్లల నోటిలో ఈ పూత సాధారణం. పాల మరకను తుడిస్తే పోతుంది. కాండిడా పూత తేలికగా పోదు, గట్టిగా తుడిస్తే క్రింద ఎర్రని పుండువంటి చోటు కనిపిస్తుంది. పెద్దలలో మధుమేహం, దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ వాడకం, ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్ మందులు, కట్టుడు పళ్ళు, క్యాన్సరు చికిత్స దీనికి దోహదం చేస్తాయి. స్పష్టమైన కారణం లేకుండా పెద్దవారిలో కాండిడా పూత వస్తే రక్తంలో చక్కెరను, హెచ్.ఐ.వి.ని పరీక్షించడం అవసరం. మింగేటప్పుడు రొమ్ములో నొప్పి ఉంటే వ్యాధి అన్నవాహికకు ప్రాకి ఉండవచ్చు.

టాన్సిల్ రాళ్ళు

జ్వరం గాని, పెద్దగా నొప్పి గాని లేకుండా టాన్సిల్ మీద ఒకటి రెండు తెల్లని గింజలు కనిపించి, నోటి దుర్వాసన ఉంటే అవి టాన్సిల్ రాళ్ళు కావచ్చు. ఇవి ప్రమాదకరం కావు, అంటువ్యాధి కూడా కాదు.

ల్యూకోప్లేకియా, పొగాకు

తుడిచినా పోని, నొప్పి లేని, వారాల తరబడి మారకుండా ఉండే తెల్లని దళసరి మచ్చ, మరే వ్యాధికీ చెందనిదైతే, దానిని ల్యూకోప్లేకియా అంటారు. బీడీ, సిగరెట్టు, చుట్ట, గుట్కా, ఖైనీ, వక్క నమలడం, మద్యపానం దీనికి ప్రధాన కారణాలు. వీటిలో కొన్ని క్యాన్సరుగా మారతాయి. తెలుపుతో పాటు ఎరుపు కలిసి ఉన్న మచ్చలలో ఈ ప్రమాదం హెచ్చు.

ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట వెలిగించిన కొనను నోటి లోపల ఉంచుకొని కాల్చే అలవాటు ఉంది. దీనిని అడ్డపొగ అంటారు. నిప్పు వేడి, పొగ నేరుగా తగలడం వలన అంగిలి తెల్లబారి, దానిపై ఎర్రని చుక్కలు ఏర్పడతాయి. అంగిలి క్యాన్సరు కూడా రావచ్చు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి ఈ అలవాటు వలన అంగిలికి కలిగే మార్పులను వివరించిన అధ్యయనం 1971లో వెలువడింది.

ఇతర కారణాలు

టాన్సిల్స్ తొలగించిన శస్త్రచికిత్స తరువాత ఆ స్థానంలో ఏర్పడే తెల్లని పొర సహజమైనది. సుమారు 2 వారాలలో రాలిపోతుంది. అది చీము కాదు. సిఫిలిస్, లైకెన్ ప్లానస్ వంటి వ్యాధులలో కూడా నోటిలో తెల్లమచ్చలు కనిపిస్తాయి.

వ్యాధి నిర్ధారణ

స్ట్రెప్టోకాకస్ వ్యాధి అవకాశాన్ని అంచనా వేయడానికి వైద్యులు సెంటార్ గుర్తులను ఉపయోగిస్తారు. 1981లో ప్రతిపాదించబడిన ఈ పద్ధతిలో క్రింది నాలుగింటికి ఒక్కొక్క మార్కు ఇస్తారు.

- టాన్సిల్స్ మీద తెల్లని చీము
- మెడ ముందుభాగంలో నొప్పితో కూడిన బిళ్ళలు
- జ్వరం
- దగ్గు లేకపోవడం

తరువాతి కాలంలో వయస్సును కూడా చేర్చారు. 3 నుండి 14 సంవత్సరాల వారికి ఒక మార్కు కలుపుతారు. 45 సంవత్సరాలు నిండిన వారికి ఒకటి తగ్గిస్తారు. మార్కులు ఎక్కువైన వారికి గొంతునుండి దూదిపుల్లతో నమూనా తీసి సత్వర పరీక్ష గాని, కల్చరు పరీక్ష గాని చేస్తారు. కల్చరు ఫలితానికి 1 నుండి 2 రోజులు పడుతుంది. ఏ.ఎస్.ఓ. రక్తపరీక్ష గతంలో స్ట్రెప్టోకాకస్ సోకినదని మాత్రమే తెలుపుతుంది. ప్రస్తుత గొంతునొప్పికి కారణం తేల్చడానికి అది పనికిరాదు. మానని ల్యూకోప్లేకియాకు చిన్న ముక్క తీసి పరీక్షించడం (బయాప్సీ) తప్పనిసరి.

చికిత్స

చికిత్స మచ్చకు కాదు, దాని కారణానికి చేయాలి.

- వైరస్ వ్యాధులు: విశ్రాంతి, తగినంత ద్రవాహారం, నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. యాంటీబయాటిక్స్ పనిచేయవు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.
- స్ట్రెప్టోకాకస్: పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ 10 రోజులు వాడాలి. నోటి మందులు పూర్తిగా వాడరని భావిస్తే బెంజథీన్ పెన్సిలిన్ ఒక ఇంజెక్షను ఇస్తారు. పెన్సిలిన్ పడనివారికి వేరే మందులు ఉన్నాయి. రెండు మూడు రోజులలో నొప్పి తగ్గగానే మందు మానివేయరాదు. వ్యాధి మొదలైన 9 రోజులలోపు పెన్సిలిన్ ప్రారంభించినా రుమాటిక్ జ్వరాన్ని నివారించవచ్చు. రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చినవారికి అది తిరగబెట్టకుండా సంవత్సరాల తరబడి 3 లేదా 4 వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇస్తారు.
- మోనోన్యూక్లియోసిస్: ప్రత్యేక మందు లేదు. ప్లీహం పగిలే ప్రమాదం ఉన్నందున కనీసం 3 వారాలు ఆటలకు, బరువులెత్తడానికి దూరంగా ఉండాలి.
- కంఠసర్పి: రోగిని వెంటనే ఆసుపత్రిలో చేర్చి విడిగా ఉంచాలి. విషాన్ని విరిచే యాంటీటాక్సిన్, పెన్సిలిన్ లేదా ఎరిత్రోమైసిన్ ఇస్తారు. కణాలలోనికి ప్రవేశించిన విషాన్ని యాంటీటాక్సిన్ తొలగించలేదు. కనుక పరీక్షల ఫలితం కొరకు వేచి ఉండకుండా అనుమానం కలిగిన వెంటనే ఇవ్వాలి. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి వంటి సాంక్రమిక వ్యాధుల ఆసుపత్రులలో ఈ చికిత్స జరుగుతుంది. రోగితో కలిసి మెలిసి ఉన్నవారికి కూడా యాంటీబయాటిక్, టీకా అవసరం.
- కాండిడా: నిస్టాటిన్ లేదా క్లోట్రిమజోల్ పూతమందులు, తీవ్రమైనప్పుడు ఫ్లూకొనజోల్ వాడతారు.
- టాన్సిల్ రాళ్ళు: ఉప్పునీటితో పుక్కిలించడం చాలు. పదే పదే బాధిస్తే వైద్యుని సలహాపై టాన్సిల్స్ తొలగిస్తారు.
- ల్యూకోప్లేకియా: పొగాకు, వక్క, మద్యం పూర్తిగా మానాలి. అవసరమైతే శస్త్రచికిత్స చేస్తారు. తరువాత కూడా క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

గోరువెచ్చని ఉప్పునీరు, పసుపు కలిపిన పాలు, తేనె గొంతుకు ఉపశమనాన్ని ఇస్తాయి గాని స్ట్రెప్టోకాకస్‌ను, కంఠసర్పిని నయం చేయవు. ఒక సంవత్సరం లోపు పిల్లలకు తేనె ఇవ్వరాదు. మచ్చలను వ్రేలితో గాని, గుడ్డతో గాని గీకివేయడం హానికరం.

వెంటనే వైద్యుని సంప్రదించవలసిన లక్షణాలు

- ఊపిరి తీసుకొనడంలో కష్టం, శ్వాసలో గురక వంటి శబ్దం
- ఉమ్ము కూడా మింగలేక చొంగ కార్చడం
- నోరు తెరవలేకపోవడం, మాట ముద్దగా రావడం
- మెడ అంతా వాచిపోవడం
- తెల్లని పొర టాన్సిల్స్ దాటి వ్యాపించడం, రక్తం కారడం
- గొంతునొప్పి తగ్గిన కొద్ది వారాలకు కీళ్ళవాపు, ఆయాసం లేదా ఎర్రని మూత్రం
- 2 వారాలు దాటినా మానని మచ్చ

నివారణ

కంఠసర్పికి టీకాయే సరైన రక్షణ. జాతీయ టీకాల పట్టిక ప్రకారం శిశువుకు 6, 10, 14 వారాల వయస్సులో పెంటావాలెంట్ టీకా, 16 నుండి 24 నెలల మధ్య, మరల 5 నుండి 6 సంవత్సరాల మధ్య డి.పి.టి. బూస్టరు, 10, 16 సంవత్సరాల వయస్సులో టి.డి. టీకా వేయించాలి. టీకా వలన కలిగిన రక్షణ కాలక్రమేణా తగ్గుతుంది కనుక బూస్టర్లు మానరాదు. కంఠసర్పి వచ్చి తగ్గినవారికి కూడా టీకా అవసరమే, ఎందుకంటే వ్యాధి వలన పూర్తి రక్షణ కలగకపోవచ్చు.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు నోటికి అడ్డు పెట్టుకొనడం, చేతులు కడుగుకొనడం, ఒకరి గ్లాసు మరొకరు వాడకపోవడం వలన ఇతర గొంతువ్యాధుల వ్యాప్తి తగ్గుతుంది. స్ట్రెప్టోకాకస్ సోకిన పిల్లలను యాంటీబయాటిక్ మొదలుపెట్టిన తరువాత కనీసం ఒక రోజు గడిచే వరకు బడికి పంపరాదు. పీల్చే స్టెరాయిడ్ వాడేవారు ప్రతిసారీ నోరు నీటితో పుక్కిలించి ఉమ్మివేయాలి.

ఇవి కూడా చూడండి

- టాన్సిలైటిస్
- కంఠసర్పి
- రుమాటిక్ జ్వరం
- నోటి క్యాన్సరు