నేను టైపు చేసినవి ఎక్కడికి పోయాయి?

మా బడిలో పదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి మొన్న వేసవిలో పై చదువుకు దరఖాస్తు పెట్టడానికి ఊళ్ళోని నెట్ సెంటరుకు వెళ్ళింది. ఆ రోజే చివరి రోజు. సాయంత్రం 5 గంటల వరకే గడువు. దరఖాస్తులో మొత్తం 40 గళ్ళు. పేరు, పుట్టిన తేదీ, చదివిన బడులు, మార్కులు, బ్యాంకు ఖాతా సంఖ్య, ఇలా ఒక్కొక్కటే కాగితాలు చూసి నింపుకుంటూ వచ్చింది. 31వ గడి నింపుతూ ఉండగా కరెంటు పోయింది. అక్కడి బ్యాటరీ పెట్టె పాడై చాలా రోజులైందట. కరెంటు వచ్చేసరికి నాలుగున్నర. పేజీ మళ్ళీ తెరిస్తే 40 గళ్ళూ ఖాళీ! వాళ్ళమ్మ బ్యాంకు పుస్తకం తీసుకుని అప్పటికే పనికి వెళ్ళిపోయింది. ఇంకేముంది, గడువు దాటిపోయింది.

మర్నాడు గడువు మరో రెండు రోజులు పెంచారు కాబట్టి సరిపోయింది. పెంచకపోతే ఆ పిల్లకు ఒక సంవత్సరం వృథా అయ్యేది.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి రెండు ప్రశ్నలు వేసింది. "మాస్టారూ, నేను టైపు చేసినవి ఎక్కడికి పోయాయి? నేనేమైనా తప్పు నొక్కానా?"

పిల్లలూ! మీలో చాలామందికి ఇలాంటి అనుభవం కలిగే ఉంటుంది. మొదటి ప్రశ్నకు జవాబు వెతుకుదాం. దాంతో రెండో ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

నల్లబల్ల మీద రాత

మనం గడిలో ఒక అక్షరం టైపు చేయగానే అది తెర మీద కనిపిస్తుంది. కనిపించింది కాబట్టి దరఖాస్తు అందుకునే కార్యాలయానికి చేరిపోయిందనుకుంటాం. కాని చేరలేదు. చివర ఉండే 'సమర్పించు' అనే మీట నొక్కేదాకా, సాధారణంగా అది మన ఎదుటనున్న కంప్యూటరులోనే ఉంటుంది. అందులోనూ ర్యామ్ అనే పని జ్ఞాపకంలో ఉంటుంది.

ర్యామ్‌లో సమాచారం కోట్లాది అతి చిన్న కెపాసిటర్లలో విద్యుదావేశం రూపంలో నిలిచి ఉంటుంది. ఈ ఆవేశం చిల్లుకుండలో నీళ్ళలాగా కారిపోతూ ఉంటుంది. అందుకని కంప్యూటర్ సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి దాన్ని మళ్ళీ నింపుతుంది. కరెంటు పోతే నింపేదెవరు? రాత చెరిగిపోతుంది. కరెంటు పోయినా చెరగని రాత వేరే ఉంది. అది డిస్కు మీద రాత. ర్యామ్ నల్లబల్ల వంటిదనుకుంటే డిస్కు నోటుపుస్తకం వంటిదన్నమాట.

మరి నల్లబల్ల మీదున్నదాన్ని ఎవరో ఒకరు నోటుపుస్తకంలోకి ఎక్కించాలి గదా! ఏమేమి ఎక్కించాలి? ఒక ఆట సాయంతో చూద్దాం.

వామనగుంటలు, పదిహేడు అంశాలు

అక్కాచెల్లెళ్ళు వామనగుంటలు ఆడుతున్నారు. పీటకు 14 గుంటలు. గుంటకు అయిదేసి చొప్పున మొత్తం 70 చింతగింజలు. ఆట మంచి పట్టులో ఉండగా అమ్మ అన్నానికి పిలిచింది. పీట ముడిచేయాలి. రేపు ఆట సరిగ్గా ఇక్కడినుంచే సాగాలంటే ఏం చేయాలి?

ఫోటో తీయనక్కరలేదు. పీట రంగు, గింజల నునుపు రాసుకోనక్కరలేదు. ఒక కాగితం మీద అక్క వైపు గుంటల్లో 0, 6, 7, 1, 0, 8, 3 గింజలనీ, చెల్లి వైపు 2, 6, 0, 7, 1, 5, 4 అనీ, అక్క గెలిచినవి 12, చెల్లి గెలిచినవి 8 అనీ, ఇప్పుడు ఆడవలసింది అక్క అనీ రాస్తే చాలు. మొత్తం 17 అంశాలు. వీటిలో చివరిది మరచిపోతే మిగతా 16 ఉన్నా రేపు పోట్లాట తప్పదు!

ఒక క్షణంలో ఆట ఎలా ఉన్నదో పూర్తిగా తెలిపే ఇలాంటి వివరాల సముదాయాన్ని 'స్థితి' అంటారు. దాన్ని రాసి ఉంచడం స్థితిని భద్రపరచడం. మర్నాడు కాగితం చూసి గింజలు పేర్చడం స్థితిని పునరుద్ధరించడం.

వెబ్ పేజీకి కూడా ఇలాగే స్థితి ఉంటుంది. ఏ గడిలో ఏముంది, ఏ జాబితాలో ఏది ఎంచుకున్నాం, ఎన్నో పుటలో ఉన్నాం, ఎంత కిందికి జరిపాం, ఇవన్నీ కలిసి స్థితి. తెరను బొమ్మగా దాచనక్కరలేదు. ఈ కొద్ది వివరాలను పేరు, విలువ అనే జంటలుగా రాసుకుంటే పేజీ తిరిగి తెరను గీసుకోగలదు.

మరపు పుట్టుకతోనే వచ్చింది

వెబ్‌ను టిమ్ బెర్నర్స్‌లీ అనే శాస్త్రజ్ఞుడు జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన సంస్థలో రూపొందించాడు. 1989లో ఆయన మొదటి ప్రతిపాదన రాశాడు. అందులో పేజీలు పంపే కంప్యూటరును సర్వర్ అనీ, మన దగ్గర పేజీని చూపే ప్రోగ్రామును బ్రౌజర్ అనీ అంటాం. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది. అంతటితో సరి. మరుక్షణం అదే బ్రౌజర్ ఇంకో పేజీ అడిగితే సర్వర్‌కు అది కొత్త ముఖమే!

ఇది లోపం అనిపించవచ్చు. కాని ఇందులో ఒక లాభం ఉంది. ఎవరినీ గుర్తుపెట్టుకోనక్కరలేదు కాబట్టి ఒకే సర్వర్ వేలాదిమందికి తేలికగా జవాబు చెప్పగలదు. చదువుకోవడానికే అయితే ఈ పద్ధతి చాలు. అయితే వెబ్‌లో వస్తువులు అమ్మడం మొదలయ్యేసరికి చిక్కు వచ్చింది. బుట్టలో ఒక వస్తువు వేసి, రెండోదానికోసం మరో పేజీకి వెళితే మొదటిది ఎవరి బుట్టలోదో సర్వర్‌కు తెలియదు.

1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. గుడి దగ్గర చెప్పులు అప్పగిస్తే ఒక బిళ్ళ ఇస్తారు గదా! ఆ మనిషి మన ముఖం గుర్తుపెట్టుకోడు. బిళ్ళ మీది అంకె చూసి చెప్పులు ఇస్తాడు. అలాగే సర్వర్ బ్రౌజర్‌కు ఒక చిన్న చీటీ ఇస్తుంది. తరవాత ఆ సర్వర్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది. ఈ చీటీకే కుకీ అని పేరు. కుకీలో సుమారు 4 కిలోబైట్లకు మించి పట్టదు. కాబట్టి అందులో అంకె మాత్రం ఉంచి, అసలు సరుకు సర్వర్ దగ్గర ఉంచడం మంచి పద్ధతి.

ఏది ఎక్కడ దాచాలి?

ఇప్పుడు పేజీ తయారుచేసేవారికి స్థితిని దాచడానికి ముఖ్యంగా నాలుగు చోట్లున్నాయి.

మొదటిది పేజీ చిరునామా. గ్రంథాలయం జాబితాలో 7వ పుట చూస్తున్నామనుకోండి. ఆ 7 అనే అంకె చిరునామాలోనే ఉంటే, ఒక పుస్తకం వివరాలు చూసి వెనక్కి రాగానే మళ్ళీ 7వ పుట వస్తుంది. ఆ చిరునామా స్నేహితుడికి పంపితే అతనికీ అదే కనిపిస్తుంది. కాని చిరునామా అందరూ చూసేది. సొంత వివరాలు అందులో పెట్టరాదు.

రెండోది బ్రౌజర్‌లో ఆ ఒక్క పేజీ తెరిచి ఉన్నంతవరకూ ఉండే అర. పేజీని మళ్ళీ తెప్పించినా ఇందులోవి నిలుస్తాయి. మూసేస్తే పోతాయి.

మూడోది బ్రౌజర్ డిస్కు మీద ఉంచే అర. చాలా బ్రౌజర్లలో ఒక్కొక్క వెబ్‌సైటుకు సుమారు 5 మెగాబైట్లు ఇస్తారు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినా ఇందులోవి ఉంటాయి. ఒక వెబ్‌సైటు అరను మరొకటి తెరవలేదు.

నాలుగోది సర్వర్. ఇక్కడ చిత్తుప్రతి దాచితే వేరే ఊళ్ళో వేరే కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆపిన చోటినుంచి సాగించవచ్చు. అయితే ఇది ఎవరి చిత్తుప్రతి అని నిర్ధారించే ఏర్పాటు ఉండాలి.

ఇక ఎప్పుడు దాచాలి? 'చివర మూసేటప్పుడు దాచుదాం' అనుకుంటే కుదరదు. కరెంటు చెప్పి పోదు. ఫోనులో ఇంకో అప్లికేషన్ తెరిచినప్పుడు జ్ఞాపకం చాలకపోతే వెనకనున్న పేజీని ఫోను చెప్పకుండా తీసివేస్తుంది. అలాగని ప్రతి అక్షరానికీ సర్వర్‌కు పంపితే దానికి భారం. అందుకని మనం టైపు చేయడం ఆపిన అర సెకనుకో, ఒక గడి దాటగానేనో దాచేలా ఏర్పాటు చేస్తారు.

తిరిగి పేర్చడమే కష్టం

దాచడం కన్నా తిరిగి పేర్చడంలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

మొదటిది వరస. దరఖాస్తులో జిల్లా ఎంచుకుంటేగాని మండలాల జాబితా రాదు. పేజీ తెరవగానే మండలం పేరు పెట్టబోతే, పెట్టడానికి జాబితాయే ఉండదు! ముందు జిల్లా పెట్టాలి, మండలాల జాబితా వచ్చేదాకా ఆగాలి, అప్పుడు మండలం పెట్టాలి. కొన్ని బ్రౌజర్లు గళ్ళను తమంతట తామే నింపడానికి ప్రయత్నించినా, తెరిచాక గళ్ళను సృష్టించుకునే పేజీలలో అది అన్నివేళలా సాగదు.

రెండోది పాతదనం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకుముందు దాచిన చిత్తుప్రతిని ఆ తరవాత తెరిస్తే, అందులోని మండలం మరో జిల్లాలోకి వెళ్ళి ఉండవచ్చు. అందుకే చిత్తుప్రతితోపాటు అది ఏ నమూనాకు సంబంధించినదో తెలిపే అంకె కూడా రాస్తారు. అంకె కలవకపోతే పేజీ గుడ్డిగా నింపకుండా మనల్ని మళ్ళీ అడగాలి.

మూడోది సరిచూడడం. మన అక్కాచెల్లెళ్ళ కాగితం తడిసి ఒక 7 కాస్తా 1లా కనిపించిందనుకోండి. అన్నీ కూడితే 70 బదులు 64 వస్తుంది. అంటే ఎక్కడో పొరపాటుంది! దాచినదాన్ని నమ్మేముందు ఇలాంటి పరీక్ష ఏదో ఒకటి పెట్టాలి.

మరచిపోవడమూ అవసరమే

పోనీ, అన్నీ డిస్కు మీది అరలో దాచేస్తే బెడద తీరుతుందా? తీరదు. నెట్ సెంటరులో మన తరవాత అదే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. వాళ్ళు అదే పేజీ తెరిస్తే మన ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య వాళ్ళ కళ్ళ ముందుంటాయి! కనుక రహస్య పదాన్నీ, ఫోనుకు వచ్చే ఒక్కసారి వాడే సంఖ్యనూ అక్కడ ఎన్నడూ దాచరాదు. దరఖాస్తు అందిందని సర్వర్ చెప్పగానే అరలోని చిత్తుప్రతిని తుడిచివేయాలి. పదిమంది వాడే కంప్యూటరుకైతే సర్వర్‌లో దాచి, దరఖాస్తు సంఖ్య, రహస్య పదం చెబితేనే ఇచ్చే పద్ధతి మేలు. 'ఆపిన చోటినుంచి సాగించాలా? తుడిచివేయాలా?' అని అడిగే పేజీ మంచి పేజీ.

చేసి చూడండి

1. కంప్యూటరులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం తెరవండి. చార్మినారు దగ్గరికి వెళ్ళండి. పైన చిరునామా చివర 15, 17.3616, 78.4747 వంటి మూడు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది ఎంత దగ్గరగా చూస్తున్నామో చెబుతుంది. మిగతా రెండూ అక్షాంశం, రేఖాంశం. పటాన్ని కదిలిస్తూ సంఖ్యలు మారడం గమనించండి. ఆ చిరునామాను మరో కంప్యూటరులో తెరవండి. తెర స్థితి మూడు సంఖ్యల్లో ప్రయాణం చేసిందన్నమాట!

2. ఇద్దరు వామనగుంటలు సగం ఆడి, స్థితిని కాగితం మీద రాసి పీట ఖాళీ చేయండి. కాగితాన్ని మరో ఇద్దరికిచ్చి ఆట సాగించమనండి. వాళ్ళకేమైనా సందేహం వస్తే, మీరు రాయడం మరచిన అంశం ఏదో తెలుస్తుంది.

ఇక ఆ అమ్మాయి రెండో ప్రశ్న ఉండిపోయింది. నేను చెప్పిన జవాబు ఇది. "నువ్వేమీ తప్పు నొక్కలేదమ్మా. కరెంటు పోవడం నీ చేతిలో లేదు. నువ్వు రాసినదాన్ని ఎప్పటికప్పుడు దాచమని ఆ పేజీకి ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే 31వ గడి దగ్గరినుంచి మొదలుపెట్టేదానివి."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే మాస్టారూ, నేర్పడం కష్టమా?" అంది. కష్టం కాదు. కాని నేర్పేవారికి, చివరి రోజు సాయంత్రం కరెంటు పోయే నెట్ సెంటరులో కూర్చున్న ఒక పిల్ల గుర్తుకు రావాలి. మీలో కొందరు రేపు ఇలాంటి పేజీలు తయారుచేస్తారు. అప్పుడు మీకు గుర్తుంటే చాలు.