మాడిన భాగాన్ని గుర్తించడం, మార్చడం

ఒక స్టీరియో యాంప్లిఫయరులో ఎడమవైపు స్పీకరు పలకడం లేదు. మూత తీసి చూస్తే బోర్డు మీద ఒక రెసిస్టరు నల్లగా మాడి ఉంది. దాని స్థానంలో కొత్తది వేస్తే సరిపోతుందా? చాలాసార్లు సరిపోదు. ఎందుకో తెలుసుకుందాం.

ముందు జాగ్రత్త

స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు తీసివేయండి. ఆ తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. ఇన్సులేషన్ ఉన్న తీగలతో 1000 ఓముల, 5 వాట్ల రెసిస్టరును కెపాసిటరు రెండు కాళ్ల మధ్య కొద్దిసేపు తాకించండి. ఆవేశం పోయిందో లేదో మల్టీమీటరుతో కొలిచి చూడండి. 230 వోల్టుల మెయిన్స్‌ను నేరుగా డి.సి.గా మార్చే టి.వి. బోర్డుల వంటి వాటిలో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. వాటిని శిక్షకుడు పక్కన ఉన్నప్పుడే ముట్టుకోవాలి.

విలువ తెలుసుకోవడం

మాడిన రెసిస్టరు మీద రంగు పట్టీలను నమ్మరాదు. వేడికి ఎరుపు కూడా గోధుమ రంగులా కనిపిస్తుంది. స్టీరియోలో కుడి, ఎడమ సర్క్యూట్లు ఒకే రకంగా ఉంటాయి. కాబట్టి కుడివైపు అదే స్థానంలో ఉన్న రెసిస్టరును చూడండి. దాని మీద గోధుమ, నలుపు, గోధుమ, బంగారు పట్టీలు ఉంటే విలువ 100 ఓములు, తేడా 5 శాతం.

కారణం వెతకడం

ఈ రెసిస్టరు 12 వోల్టుల సప్లయి నుంచి ఒక ఐ.సి.కి కరెంటు అందిస్తుందనుకుందాం. మామూలుగా 20 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తే దానిలో ఖర్చయ్యేది 0.04 వాట్లే. పావు వాటు రెసిస్టరు దీనికి ధారాళంగా చాలు. కాని ఐ.సి. పక్కనున్న కెపాసిటరు షార్టయితే 12 వోల్టులూ రెసిస్టరు మీదే పడతాయి. అప్పుడు:

12 × 12 ÷ 100 = 1.44 వాట్లు

పావు వాటు రెసిస్టరు ఇంత వేడికి తట్టుకోలేదు. అసలు దోషి అయిన కెపాసిటరు మాత్రం చూడటానికి కొత్తదానిలాగే ఉండవచ్చు. దాని ఒక కాలు విడదీసి ఓములలో కొలవండి. రెండు దిశలలోనూ సున్నాకు దగ్గరగా చూపిస్తే అది షార్టయినట్లే. దాన్ని మార్చకుండా రెసిస్టరు వేస్తే అదీ మాడిపోతుంది.

మార్చడం

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో పాత భాగాలను తీయండి. బోర్డు మీద బొగ్గులా మారిన పొరను గీకివేయండి. ఆ బొగ్గు గుండా కూడా కరెంటు ప్రవహించగలదు. కొత్త రెసిస్టరుకు ఓములు, వాట్లు రెండూ సరిపోవాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుకు ప్లస్, మైనస్ గుర్తులు సరిచూడండి. ఫ్యూజు స్థానంలో ఎన్నడూ రాగి తీగ చుట్టకండి. మరోసారి షార్టయితే మంటలు లేవవచ్చు.

చివరగా 60 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టి యాంప్లిఫయరుకు కరెంటు ఇవ్వండి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిదే. ప్రకాశవంతంగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, షార్టు ఎక్కడుందో మళ్లీ వెతకండి.

మీరు చేసి చూడండి

100 ఓముల రెసిస్టరు మీద 6 వోల్టులు పడితే ఎన్ని వాట్లు ఖర్చవుతాయి? పావు వాటు రెసిస్టరు సరిపోతుందా?

జవాబు: 0.36 వాట్లు. సరిపోదు. అర వాటుది లేదా అంతకు పెద్దది వాడాలి.