వందా, ఆరువందలా?

వైఫై తగిలి ఉన్న లాప్‌టాప్‌కి కేబుల్ కూడా గుచ్చితే నెట్ రెట్టింపు వేగంతో వస్తుందని చాలామంది ఆశ. రాదు. లినక్స్ లాప్‌టాప్ అయితే ఎందుకు రాదో కళ్లారా చూడొచ్చు. టెర్మినల్లో ‘ఐపీ రూట్’ అని కొట్టండి. ‘డిఫాల్ట్’తో మొదలయ్యే వరుసలు రెండు వస్తాయి. మామూలుగా ఒకదాని చివర మెట్రిక్ 100, ఇంకోదాని చివర 600. వంద కేబుల్‌ది, ఆరువందలు వైఫైది. బయటికి పోవలసిన ప్యాకెట్లన్నీ చిన్న అంకె ఉన్న దారినే పడతాయి. రెండోది ఊరికే కూర్చుంటుంది.

ఈ అంకెలు వేసేది నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాం. 2004లో రెడ్‌హ్యాట్ సంస్థలో పుట్టి, ఆ ఏడాదే ఫెడోరా కోర్ 3తో జనంలోకి వచ్చింది. అంతకు ముందంతా కదలకుండా ఒకచోట ఉండే సర్వర్ల పద్ధతే: ఒక్కో కార్డుకీ ఒక సెట్టింగుల ఫైలు, చోటు మారితే చేత్తో దిద్దుకోవడం. లాప్‌టాప్‌ని చంకన పెట్టుకుని తిరిగేవాళ్లకి అది అయ్యే పనేనా?

వైఫై అంటే ఎందుకంత చిన్నచూపు? గాలి అందరిదీ కాబట్టి. ఒక చానల్లో ఒకసారి ఒకరే మాట్లాడాలి. మీ ఫోనూ, పక్కింటి రౌటరూ వంతు కోసం కాచుకోవాల్సిందే. స్విచ్‌కి తగిలించిన కేబుల్లో రానుపోను దారులు వేరు. తమాషా ఏమిటంటే, ఈ కేబుల్‌కి గురువు రేడియోనే. హవాయి దీవుల్లో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో నడిపిన అలోహానెట్‌లో, రెండు సందేశాలు ఢీకొంటే కాస్త ఆగి మళ్లీ పంపేవారు. ఆ కిటుకునే సానబట్టి 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ తీగలోకి ఎక్కించి, ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. 1997లో వైఫై ప్రమాణం వచ్చాక ఆ విద్య మళ్లీ గాలికెక్కింది.

అంకె చిన్నదైనంత మాత్రాన దారి మంచిదని కాదు. రౌటరు దాకా కేబుల్ బాగానే ఉండి, అక్కణ్ణించి నెట్ చచ్చిపోయి ఉండొచ్చు. అందుకని ఇప్పటి నెట్‌వర్క్‌మేనేజర్‌కి ఒక పరీక్ష నేర్పారు. మధ్యమధ్యలో ఒక చిన్న పేజీ తెప్పించుకుని చూస్తుంది. జవాబు రాకపోతే ఆ దారి మెట్రిక్‌కి 20000 కలిపేస్తుంది. వంద కాస్తా 20100 అవుతుంది. అప్పుడు ఆరువందలే చిన్నది!

నా పాత లాప్‌టాప్‌లో ఆ పరీక్ష పెట్టి లేదు. సీసీ కెమెరాల రికార్డరున్న రౌటరుకి నెట్ లేదు. దాని కేబుల్ గుచ్చగానే బ్రౌజరు ఆగిపోయేది. రికార్డరు చూడాలంటే గుచ్చడం, నెట్ కావాలంటే పీకడం, ఇలా నాలుగు రోజులు. చివరికి ఆ కనెక్షన్ సెట్టింగుల్లో, ఐపీవీ4 పేజీ అడుగున, ఈ కనెక్షన్‌ని దాని సొంత నెట్‌వర్క్‌కే వాడమని చెప్పే చిన్న గడి కంటపడింది. టిక్కు పెట్టి, కేబుల్ పీకి మళ్లీ గుచ్చి, ఐపీ రూట్ కొట్టాను. ‘డిఫాల్ట్’ ఒక్కటే మిగిలింది, 600తో. కేబుల్ వైపు 192.168.10.0 వరుస మాత్రం అలాగే ఉంది. ఇంటి వైఫైది వేరే నంబరు కాబట్టి తగాదా లేదు. ఒక విండోలో గేటు ముందు పడుకున్న కుక్క, ఇంకో విండోలో క్రికెట్ స్కోరు.